మోకుబండ కింద కట్టిన కుక్క

ముందే చెప్పేస్తాను. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఈ మధ్య నాకు తారుమారు అవుతా ఉంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏటి ఎండాకాలమో, దాని మరుసటేడో... అది కూడా గట్టిగా చెప్పలేను. అందుకే, ఉన్నదైనా పోకముందే రాసి పెడతా ఉన్నాను. ఆ ఒక్క రాత్రి సంగతి మాత్రం చెదరలేదు. దొరస్వామి నోటా, ఆయన పెండ్లాం కుప్పమ్మ నోటా ఎన్ని మార్లు విన్నానో.

కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి పక్కకు పోతా ఉంటే, రోడ్డు వదిలి కొండల దిక్కుకు తిరిగే బండిబాట ఒకటి ఉంది. ఆ బాట చివర ఒక ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఊరి అవతల, చేన్లు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఒక నల్లబండ. దాన్ని మోకుబండ అంటారు.

పగలు చూస్తే దానిలో భయపడేది ఏమీ లేదు. రాత్రి దాని కింద ఆగిన వాళ్ళకే తెలుస్తుంది. మనుషులకు ఏమీ కాదు. గొర్రె పోదు, మేక పోదు. తెల్లారేసరికి కుక్క ఒక్కటే ఉండదు. అరుపు కూడా వినపడదు...

దానికి ఆ ఊరివాళ్ళు ఒక కథ చెప్పేవాళ్ళు. ఏ కాలంలోనో వళ్ళియమ్మ అని మందకాచుకొనే మనిషి, తన కుక్క కనపడకపోతే మోకు చేత పట్టుకొని వెతుక్కుంటా ఆ బండ ఎక్కిందంట. ఎక్కింది గానీ దిగలేదంట. అప్పటినుంచి రాత్రిపూట వస్తుందంట. వచ్చి, కుక్కను విప్పమని అడుగుతుందంట. విప్పినారా, దాన్ని తన వెంట తీసుకొని పోతుంది. అందుకని అక్కడ ఆగిన వాళ్ళు కుక్కను మేకబొచ్చు మోకుతో రాతిగుంజకు కట్టెయ్యాల. ఎవరు వచ్చి చెప్పినా విప్పకూడదు. కట్టినా పోయిందే అంటే, "భయపడి మీరే విప్పి ఉంటారు" అని కాపరులనే తిట్టి పంపేవాళ్ళు.

దొరస్వామి మా అమ్మకు దూరపు అన్న. కోతలు అయిపోతానే గొర్రెలను తోలుకొని ఊరూరు తిరిగేవాడు. ఎరువు కోసం రైతులు రాత్రికి మందను తమ చేనులో నిలుపుకుంటారు కదా, అదే ఆయన బతుకు. చేనులోనే తడికెలు పాతి, చేనులోనే వండుకొని, చేనులోనే పండుకోవడం.

ఆయనకు ఒక లోపం ఉండేది. రేచీకటి. పొద్దు గుంకిందంటే నిప్పు కనపడుతుంది, నిప్పు పక్కన కూర్చున్న మనిషి కనపడడు. ఈ సంగతి కుప్పమ్మకు తప్ప ఇంకెవరికీ తెలీదు. రాత్రి మంద కాచేవానికి రాత్రి కండ్లు లేవని తెలిస్తే ఎవరు చేనులోకి రానిస్తారు?

ఆయన కండ్లు మణి. మణి అంటే కుక్క. చీకటి పడినాక దొరస్వామి ఎడమకాలికి ఆనుకొని నిలబడేది. నక్క వస్తే దాని ఒళ్ళు ఒకరకంగా బిగుసుకొనేది, దొంగ వస్తే ఇంకొక రకంగా. దాని వీపు మీద చెయ్యి వేసి ఆయన చీకటిని చదువుకొనేవాడు. మణి పోతే ఆయన మంద అమ్ముకోవాల్సిందే. మంద అమ్ముకొని ఏ వాకిట్లోనో కూర్చోవాల్సిందే.

అందుకే ఆయన దాన్ని బిడ్డను సాకినట్టు సాకినాడు. కొండ పక్కన దిగితే పొద్దుండగానే దానికి కూడు పెట్టేసేవాడు. ఎముక ముక్క కూడా బయట పడెయ్యకుండా పూడ్చేవాడు. నిప్పు ఎప్పుడూ కొండ దిక్కుకే వేసేవాడు. మెడకు బండిటైరు పట్టెడ చేయించి, దానికి చుట్టూరా మేకులు దిగ్గొట్టించి, మొనలు బయటికి ఉండేట్టు కట్టినాడు. చిరుతపులికి కుక్క అంటే ప్రాణం. అది గొంతే పట్టుకుంటుంది. మేకులు నోట్లో దిగితే వదిలేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి — రాత్రిపూట కుక్కను ఎన్నడూ కట్టేవాడు కాదు. కట్టేస్తే అది ఎట్లా తప్పించుకుంటుంది?

అట్లాంటి మనిషి ఆ రాత్రి కట్టినాడు.

ఆ ఊళ్ళో పెద్ద రైతు తణికాచలం కబురు పెట్టినాడు, కొండ కింద చేనులో మంద నిలపమని. దొరస్వామి పోయి అరుగు ముందర నిలబడితే, గొర్రెలు ఎన్ని అని అడగలేదు ఆ మనిషి.

"కుక్క ఉండాదా?" అన్నాడు.

ఉందని చెప్పినాడు దొరస్వామి.

"ఒకటేనా?"

"ఒకటేనయ్యా."

"సరి, మంచిది," అన్నాడు తణికాచలం. ఆ తర్వాతే గొర్రెల సంగతి ఎత్తినాడు.

బండ కథ చెప్పినాడు. కట్టుబాట్లు చెప్పినాడు. వళ్ళియమ్మకు ఇనుము అంటే పగ అంట. కాబట్టి కొడవలి, గొడ్డలి, కుక్క మెడలో ఉన్న మేకుల పట్టెడ, అన్నీ వాళ్ళ ఇంట్లో పెట్టి పోవాలంట. కుప్పమ్మకు అది రుచించలేదు. దెయ్యానికి ఇనుము అంటే భయం గదన్నా, బాలింత తలకింద కత్తి పెట్టేది దానికే గదా, అని అడిగింది.

"అది మీ ఊరి దెయ్యానికి," అన్నాడు తణికాచలం. అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వినారు.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా ఆ నవ్వులోనే చెప్పినాడు. ఈ మంద వల్ల మాకు కీడు జరిగింది అని ఒక్క మాట అంటే చాలు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ వీళ్ళను దిగనియ్యరు. దొరస్వామి మణి మెడలోంచి పట్టెడ విప్పి తానే వాళ్ళ అరుగు మీద పెట్టినాడు. మణి మెడ విదిలించుకొని ఆయన ముఖంలోకి చూసింది.

తణికాచలం జీతగాడు ఆరుముగం వెంట వచ్చినాడు. బండ మొదట్లో నడుమెత్తు రాతిగుంజ ఉంది. మేకబొచ్చు మోకుతో మణిని దానికి కట్టి, ముడి బిగించి, ముడి మీద నీళ్ళు పోసినాడు. మేకబొచ్చును కుక్క కొరకలేదు. తడిసిన ముడి వేళ్ళకు రాదు. దొరస్వామి పక్కనే నిలబడి గుంజను తడిమి చూసినాడు. మోకు పడేచోట రాయి చుట్టూ గాడి పడి ఉంది. వేలు దూరేంత గాడి.

ఎన్ని కుక్కలు గుంజుకుంటే రాయి అంత అరుగుతుంది...

అక్కడే ఇంకొకటి కూడా తెలిసింది ఆయనకు. వాసన. బొరుగులు వేయిస్తా ఉంటే వస్తుందే, అట్లాంటి వాసన బండ పక్కనుంచి వస్తా ఉంది. దగ్గర్లో పొయ్యి లేదు, మనిషి లేడు. దెయ్యానికి ఏదో పెట్టి ఉంటారులే అనుకున్నాడు. ఆరుముగం మాత్రం ఆ వాసన తగలగానే, బిందె అక్కడే వదిలేసి ఊరి దిక్కుకు పరుగులాంటి నడకతో పోయినాడు.

కుప్పమ్మ నీళ్ళకు ఊళ్ళోకి పోయి వచ్చింది. వచ్చి మెల్లగా చెప్పింది.

"ఆ ఊళ్ళో దీపాలు పెట్టకముందే కుక్కలను ఇండ్లలో వేసుకొని తలుపులు మూసుకుంటా ఉండారు మామా. నేను చూసినా."

"దెయ్యం భయం."

"దెయ్యం బండ దగ్గర గదా ఉండేది?"



ఆ దినం అమావాస్య. లాంతరు ఉందో లేదో... ఇక్కడ నాకు జ్ఞాపకం సరిగా లేదు. చొప్ప కట్టలు మాత్రం ఉన్నాయి, అది తెలుసు. కుప్పమ్మ బాట దిక్కున, మందకు అవతలి కొసన కూర్చుంది. దొరస్వామి బండ దిక్కున, నిప్పుకూ మణికీ నడుమ కూర్చున్నాడు. పక్కనే గొర్రెపిల్లలను మూసే పెద్ద వెదురుగంప. మోకు ఒక మడత ఆయన తన చేతికి చుట్టుకొని ఉన్నాడు.

చాలాసేపు ఏమీ లేదు.

గొర్రెలు నెమరు వేస్తా ఉన్నాయి. ఆ చప్పుడు వానచినుకు మాదిరి ఆగకుండా వస్తా ఉంది. అది ఉన్నంతవరకూ ఆయనకు ధైర్యం.

ఆ చప్పుడు ఆగిపోయింది.

ఒక్కటి ఆగి, ఇంకొకటి ఆగి, కాదు — మంద మొత్తం ఒక్కసారే ఆగింది. దొరస్వామి తల ఎత్తినాడు.

బండ మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

పసుపుపచ్చ చీర, నల్ల అంచు. కొంగు నడుముకు దోపుకొని ఉంది. కాళ్ళకు వెండి కడియాలు, కుడి చేతిలో చుట్ట చుట్టిన మోకు. ముఖం చిన్నది. దవడ మీద పుట్టుమచ్చ. ఆమె కండ్లు రెండూ ఆయన మీదే ఉన్నాయి. ఆ చూపులో జాలి లేదు. తన గడపలో అడుగుపెట్టిన వాణ్ణి చూసే చూపు.

"విప్పు," అనింది.

గొంతు పెద్దది కాదు. చెవి పక్కన చెప్పినట్టు ఉంది.

 విప్పకూడదు... ఎవరు వచ్చి చెప్పినా విప్పకూడదు. దొరస్వామి మోకును ఇంకొక చుట్టు చుట్టుకున్నాడు. మురుగా, మురుగా అని లోపలే అనుకున్నాడు.

"విప్పరా."

ఆయన తల అడ్డంగా ఊపినాడు.

గుప్పెడు గులకరాళ్ళు వచ్చి ఆయన ఛాతీ మీద పడినాయి. మళ్ళీ ఒక గుప్పెడు, ఈసారి ముఖం మీద. పెదవి చిట్లి ఉప్పగా తగిలింది. ఆమె బండ అంచుకు వచ్చి, నడుము వంచి, పండ్ల నడుమనుంచి ఒక మాట అనింది.

"కండ్లు లేవు, సరే. చెవులు కూడా పోయినాయా నీకు?"

 కండ్లు లేవని... ఈమెకు ఎవరు చెప్పినారు?

కానీ ఆ మాటతో ఆయన వినడం మొదలుపెట్టినాడు. అంతసేపూ చూస్తా కూర్చున్నాడు, వినలేదు.

బండకు పైన, కొండలో, ఎవరో మొద్దును రంపంతో కోస్తా ఉన్నారు. గర్రు... గర్రు... గర్రు. ఆగింది. అమావాస్య రాత్రి కొండలో రంపం ఎవరు పడతారు? మళ్ళీ వచ్చింది, ఈసారి దగ్గరగా. మళ్ళీ ఆగింది. ఈసారి ఇంక రాలేదు. రాకపోవడమే భయం.

బొరుగుల వాసన గుప్పుమని తగిలింది.

చేతికి చుట్టుకున్న మోకు సన్నగా అదురుతా ఉంది. మణి వణుకు అది. మొరగడం లేదు, మూలగడం లేదు. నేలకు అతుక్కొని వణుకుతా ఉంది. అది ఉచ్చ పోసుకుంటే ఆ వెచ్చదనం ఆయన పాదానికి తగిలింది. ఇన్నేండ్లలో మణి ఎవరికీ అట్లా భయపడలేదు. ఒక్కసారి మాత్రం, నగరి కొండల కింద, చిరుతపులి పక్కచేనులోంచి పోయినప్పుడు...

ముడి మీద పడినాడు దొరస్వామి. వేళ్ళతో పెరికినాడు, పండ్లతో పెరికినాడు. రాలేదు. కొడవలి కోసం చెయ్యి పోయింది. కొడవలి తణికాచలం ఇంట్లో ఉంది.

ఆయనకు కనపడేది ఒక్క నిప్పే. చెయ్యి పెట్టి ఒక కొరివి లాగినాడు. చెయ్యి కాలింది. కాలిన చేతితోనే కొరివిని మోకు మీద అదిమి పట్టినాడు. బొచ్చు చుర్రుమని కంపు లేచింది. ఒక పేట తెగింది, ఇంకొక పేట... మోకు ఊడి చేతిలోకి వచ్చింది.

మణిని ఎత్తి గంప కింద గొర్రెపిల్లల నడుమ తోసి, గంప బోర్లించి, దాని మీద ఎక్కి కూర్చున్నాడు. కొరివి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ చేతుల మచ్చలు నేను చూసినాను. అంతవరకూ నాకు బాగా జ్ఞాపకం.

ఏదో వచ్చింది. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు ఉంది. అది గంప చుట్టూ ఒకసారి తిరిగింది, నిదానంగా. గంప కింద గొర్రెపిల్ల ఒకటి అరవబోయి ఆగిపోయింది.

బొచ్చు కాలిన కంపుకు కుప్పమ్మ చొప్పకట్ట అంటించుకొని పరుగెత్తుకొని వచ్చింది. ఆ మంటలో ఆమె చూసింది. రాతిగుంజ పక్కన చిరుతపులి. ఎగబడడం లేదు, గుర్రుమనడం లేదు. తెగిన మోకును వాసన చూసి, గుంజ చుట్టూ తిరిగి, ఆ గాడి మీద ముఖం రుద్దుకుంటా ఉంది. పొద్దు గుంకినాక తన గాటి దగ్గరికి తానే వచ్చి, గడ్డి ఎందుకు వెయ్యలేదా అని నిలబడే ఆవు ఉంటుందే, అట్లా.

దానికి ఆ చోటు కొత్త కాదు. రంపం చప్పుడు దాని గొంతే, బొరుగుల వాసన అది గుర్తుగా పోసుకొనే ఉచ్చదే.

కుప్పమ్మ మండే కట్టను దాని మీదికి విసిరింది. అది ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, తొందర లేకుండా బండ వెనక్కి పోయింది.

తెల్లారేవరకూ ఇద్దరూ వీపుకు వీపు ఆనించి గంప మీదే కూర్చున్నారు. 

తూర్పు తెల్లబడతా ఉండగా ఊరి దిక్కునుంచి పలక డప్పు చప్పుడు వినపడింది. మెల్లగా, పండగ మాదిరి. ముందర తణికాచలం, వెనక ఆడవాళ్ళు. స్నానాలు చేసి, తలలు ముడిచి, తాంబాళాల్లో టెంకాయ, కర్పూరం, పసుపు, పొంగలి. ఊరంతా నవ్వుముఖాలతో రాతిగుంజ దగ్గరికి వస్తా ఉంది. రాత్రి ఏమి జరిగిందో ఎవరూ పోయి వాళ్ళకు చెప్పలేదు. కుక్క పోయిందా అని అడగడానికి కూడా రాలేదు వాళ్ళు. మొక్కు చెల్లించడానికి వచ్చినారు.

కుప్పమ్మ లేచి గంప ఎత్తింది.

మణి బయటికి వచ్చి ఒళ్ళు విదిలించుకొని, దొరస్వామి ఎడమకాలికి ఆనుకొని నిలబడింది.

పలక ఆగిపోయింది.

"కుక్క ఉండాదే," అన్నాడు తణికాచలం. మనిషిని పట్టుకొని దొంగా అన్నట్టు అన్నాడు.

వెనకనుంచి మునియమ్మ అనే ముసలామె తాంబాళం కింద పెట్టి నేల మీద కూలబడింది. ఒకప్పుడు ఆమె మనమరాలు వాకిట్లో పండుకొని ఉంటే చిరుత ఎత్తుకొని పోయిందంట. ఆ ఏటినుంచే ఊరు ఈ కట్టుబాటు పెట్టుకుంది. ఏటా ఎండాకాలం అది కొండ దిగే వేళకు, ఎవరో ఒక పరాయి మందను కొండ కింద నిలిపి, కుక్కను కట్టించడం. అది తిని పోతే ఊరి జోలికి రాదని నమ్మకం. వళ్ళియమ్మ కథ దానికి కప్పిన దుప్పటి. ఇదంతా ఎవరో చెప్పింది కాదు. ఆ ముసలామె ఏడుపులోనే బయటపడింది. "ఈ ఏడు ఇంక యాడికి వస్తుందో, ఎవరి బిడ్డ మీదికి వస్తుందో" అని ఆమె నేలను కొట్టుకుంటా ఉంటే, ఊరంతా దొరస్వామి దిక్కే చూసింది. అది తప్పు చేసినవాళ్ళు చూసే చూపు కాదు.

కుప్పమ్మ పోయి తణికాచలం ముందర నిలబడింది. కాలిన మోకు ఆయన కాళ్ళ దగ్గర వేసింది.

"మా ఇనుము మాకు తెప్పించు. రేపు రాత్రికి ఇది నీ కుక్కకు కట్టుకో."

ఇనుము తెప్పించినారు. ఇచ్చినంతసేపే ఓర్చుకున్నారు. వీళ్ళు మంద తోలుకొని బండిబాట ఎక్కగానే వెనకనుంచి రాళ్ళు పడినాయి. ఒక గొర్రెకు కాలు విరిగింది. దొరస్వామి దాన్ని భుజాన వేసుకున్నాడు. మెడలో మేకుల పట్టెడతో మణి ముందర నడిచింది.

సత్రం దగ్గర పడినాక, టీ అంగడి బెంచీ మీద కూర్చుని, ఆయన ఆ ఆడమనిషి సంగతి చెప్పినాడు. ఆమె కోపం చెప్పినాడు. గులకరాళ్ళు చెప్పినాడు. చిట్లిన పెదవి చూపించినాడు. వాళ్ళు ఆమెను కుక్కలదొంగ అన్నారే గానీ, ఆమే గదా కాపాడింది, అన్నాడు.

కుప్పమ్మ నమ్మలేదు. ఊరివాళ్ళే ఎవతెనో పంపి ఉంటారు అనింది.

"విప్పమని చెప్పడానికా?"

ఆమె టీగ్లాసు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ అడిగింది, ఎట్లా ఉండింది ఆ మనిషి అని. ఆయన చెప్పినాడు. పసుపుపచ్చ చీర, నల్ల అంచు, కడియాలు, దవడ మీద పుట్టుమచ్చ...

కుప్పమ్మ చేతిలోని టీగ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

"మామా. అమావాస్య చీకట్లో, అంత ఎత్తున... పుట్టుమచ్చ నీకు ఎట్లా కనపడింది?"

నిప్పు పక్కన కూర్చున్న పెండ్లాం ముఖం కనపడని మనిషి ఆయన. కుప్పమ్మ అడిగేదాకా అది ఆయనకు తోచనే లేదు.  ఆయన చెయ్యి మణి వీపు మీదే ఉంది. మణి బండిబాట దిక్కుకే చూస్తా ఉంది. దాని ఒళ్ళు బిగుసుకొని ఉంది — నక్కకు బిగిసినట్టూ కాదు, దొంగకు బిగిసినట్టూ కాదు.

మనమరాలా, కాంచనా, నువ్వు అరవమే బాగా చదువుతావు గానీ ఈ తెలుగు కొంచెం కూడబలుక్కొని చదువు. చదివి, మీ నాన్న కూడా ఈ కథ విన్నవాడే, ఆయన దగ్గర పేర్లు సరిచూడు. మణిని కట్టింది ఆరుముగమో, వాని తమ్ముడో. తణికాచలం పేరు అదేనో కాదో. తప్పు ఉంటే దిద్దు. వళ్ళియమ్మ పేరు మాత్రం దిద్దొద్దు. దాని కోసం ఆ ఊరికి పోయి ఎవరినీ అడగొద్దు. పోవాల్సి వస్తే కుక్కను తీసుకొని పోవద్దు.